ఫ్యాక్టరీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వచ్చింది, మాలాంటి చిన్న సంఘం ఏం చేయాలి?

మంజీర_పక్కూరు

అందరికీ నమస్కారం. మాది సంగారెడ్డి జిల్లాలో ఒక ఊరు. పొదుపు సంఘాల్లో ఉన్న ఆడవాళ్లం కొంతమందిమి కలిసి ఒక సొసైటీ రిజిస్టర్ చేయించుకున్నాం. తాగునీళ్లు, కాన్పులకి ఆసుపత్రికి తీసుకెళ్లడం, కంటి శిబిరాలు, ఇలాంటి పనులు చూస్తుంటాం. ఆఫీసు లేదు, జీతం తీసుకునేవాళ్లు లేరు. ఇప్పుడు మా ఊరికి దగ్గర్లో, ఇండస్ట్రియల్ ఏరియా బయట ఉన్న ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ విస్తరణకి దరఖాస్తు పెట్టుకుంది. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడింది. ఊళ్లో కొందరు అసలు వద్దంటున్నారు, కొందరు పిల్లలకి ఉద్యోగాలొస్తాయి అడ్డుపడకండి అంటున్నారు. మా సంఘంలోనూ రెండు మాటలూ ఉన్నాయి. కానీ బోరు నీళ్లు వాసనొస్తున్నాయని, పిల్లలకి ఒంటి మీద దద్దుర్లు తగ్గట్లేదని మాత్రం అందరం ఒప్పుకుంటాం.

ఇంతకుముందు పక్క మండలంలో ఇలాంటి సభకి వెళ్లాం. ముందు వరసలన్నీ కంపెనీ తెచ్చిన మనుషులే, మా వంతు వచ్చేసరికి అందరూ లేచిపోతున్నారు, మేం మాట్లాడిన రెండు ముక్కలు ఎవరైనా రాసుకున్నారో లేదో కూడా తెలీదు. మళ్లీ అలా కావద్దు. ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఈ ఒక్క ఫ్యాక్టరీ సంగతి పక్కన పెడితే, ఏ విషం ఎంతవరకు వదలొచ్చు, ఏ ఊళ్లో ఏ టెస్టులు చేయాలి అని రూల్స్ రాసే చోటికి మా లాంటి వాళ్ల మాట చేరే దారి ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, మా వాళ్లకి చదివి వినిపిస్తాను.

పాతఫైళ్లు

అమ్మా, ఇలాంటి ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. ముందు మీ మొదటి ప్రశ్నకి చెప్తాను. 2006 సెప్టెంబర్ 14న వచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈ సభ జరుగుతుంది. ప్రజలకి కనీసం 30 రోజుల గడువు ఇచ్చి తీరాలి. ముసాయిదా ఈఐఏ రిపోర్టు, దాని సారాంశం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ప్రాంతీయ కార్యాలయంలో చూడటానికి పెట్టాలి. ఈ 30 రోజులే మీ అసలు సమయం. సభ రోజు కాదు. చాలా సంఘాలు సభ రోజు బస్సు మాట్లాడుకుని జనాన్ని తీసుకొస్తాయి, అంతకుముందు ఒక్క పేజీ కూడా చదివి ఉండరు.

సభకి కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో చర్చ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించి, అప్పుడు సంతకం చేయాలి. ఎవరేం అడిగారు, కంపెనీ ఏం జవాబిచ్చింది అన్న పట్టిక దానికి జతచేయాలి. మీరు పోయినసారి అందరూ లేచిపోతున్నారు అన్నారు చూడండి, ఆ చదివి వినిపించే ఘట్టం దాకా మీలో కనీసం పదిమంది కూర్చోండి. మీరు అడిగింది రాయకపోతే అక్కడే లేచి "మా ప్రశ్న రాయలేదు, చేర్చండి" అని అడగండి. అది మీ హక్కు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. అనుమతి ఇవ్వాలా వద్దా అని సిఫారసు చేసే నిపుణుల కమిటీ సభకి రాదు. వాళ్ల బల్ల మీదకి చేరేది ఆ మినిట్స్, ఆ పట్టిక. అందులో లేని బాధ వాళ్ల దృష్టిలో లేనట్టే. కాబట్టి "మా బతుకులు నాశనమవుతున్నాయి" అన్నది నిజమే అయినా, దాంతో పాటు కంపెనీ తప్పక జవాబు చెప్పాల్సిన ప్రశ్నగా మార్చి రాసివ్వండి. ఉదాహరణకి, భూగర్భ జలాల నమూనాలు ఏ బోర్ల నుంచి ఏ నెలలో తీశారు? 10 కిలోమీటర్ల పరిధిలో మా ఊరి చెరువు ఉందా, రిపోర్టులో దాని పేరుందా? ఇప్పటికే నడుస్తున్న యూనిట్ పాత షరతులు ఎంతవరకు పాటించింది? ఇలా. నోటితో చెప్పేది వేరు, రాతపూర్వకంగా ఇచ్చేది వేరు, రెండూ చేయండి. ఇచ్చిన ప్రతి కాగితం మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

బీల_గట్టు

పాతఫైళ్లు గారూ, మీరు చెప్పింది అంతా రూలు పుస్తకంలో ఉంది, కాదనను. కానీ మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. మా బీల నేలల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు కూడా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు, అయినా అనుమతి వచ్చింది. ఆ తర్వాత 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు వినే నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఒకే రోజు రెండూ. ఇప్పటికీ ఆ తేదీ వస్తే మా ఊళ్లలో పొద్దున్నే ఎవరికీ మాట పెగలదు.

కాగితం వల్లే పని జరిగిందా, రోడ్డెక్కడం వల్లా అంటే రెండూ కలిసే అంటాను. బీల అంటే ఏడాది పొడుగునా నీళ్లుండే చిత్తడి నేల. చేపలు, గడ్డి, కింద వేల ఎకరాలకి తడి, అన్నీ దాని మీదే. దాన్ని పనికిరాని భూమిగా చూపించి రిపోర్టు రాశారు. ఇక్కడ పర్యావరణ పరిరక్షణ సంఘం, దాన్ని ముందుండి నడిపించిన డాక్టర్ కృష్ణమూర్తి గారు, మత్స్యకారులు, రైతులు అది చిత్తడి నేలే అని ఆధారాలతో చూపించగలిగారు కాబట్టి అప్పీల్ నిలబడింది. కానీ ఊళ్లు అంత గట్టిగా నిలబడకపోతే ఆ ఆధారాలు ఎవరు పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్తారు? ఖర్చు ఎవరు పెడతారు? అక్కా, మీరు సభకి ప్రశ్నలు తయారు చేసుకోండి, దాంతో పాటు ఊళ్లో గ్రామసభ పెట్టించి తీర్మానం చేయించండి. కుదిరితే చుట్టుపక్కల అన్ని ఊళ్లలో. ఒక్క సంఘం లెటర్‌హెడ్ మీద వచ్చిన అభ్యంతరాన్ని ఎవరో ఎన్జీవో అని కొట్టిపారేస్తారు, పంచాయతీ తీర్మానాన్ని అలా పక్కన పడేయడం అంత తేలిక కాదు.

పల్లె_డాక్టర్

పీహెచ్‌సీలో చాలాకాలం పనిచేశాను. ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నా.

"దద్దుర్లు వస్తున్నాయి" అంటే ఎదుటివాళ్లు "ప్రతి ఊళ్లో వస్తాయి" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి మీరు ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని రికార్డు. పీహెచ్‌సీ ఓపీ రిజిస్టర్ నుంచి గత కొన్నేళ్లలో చర్మవ్యాధులు, ఆయాసం, గర్భస్రావాలు ఊరివారీగా ఎన్ని నమోదయ్యాయో సమాచార హక్కు కింద అడగండి. పేర్లు అడగొద్దు, సంఖ్యలే అడగండి. రోగుల పేర్లు అర్జీల్లో, వీడియోల్లో పెట్టడం దయచేసి ఎవరూ చేయకండి. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలకి దాని వల్ల జరిగే నష్టం నేను కళ్లారా చూశాను.

ప్రతి ఊరికీ గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి ఉంటుంది, ఆశా, అంగన్వాడీ, వార్డు సభ్యులు అందులో ఉంటారు. చాలా చోట్ల అది మీటింగ్ పుస్తకంలో సంతకాలకే పరిమితం. దాన్ని కూర్చోబెట్టి నీళ్ల సమస్యని మినిట్స్‌లో ఎక్కించండి. అది ప్రభుత్వం తనే పెట్టిన కమిటీ, దాని మాటకి విలువ వేరు. ఇంకొకటి, జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి ఫీల్డ్ కిట్‌తో నీటి పరీక్ష నేర్పించాలని ఉంది. మీ సంఘం వాళ్లు అందులో చేరి నెలనెలా ఒకే బోర్లలో పరీక్ష చేసి తేదీతో రాసిపెట్టుకోండి. ఆ కిట్ ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్, గట్టిదనం లాంటివి చూపిస్తుంది, సాల్వెంట్లు, యాంటీబయాటిక్ అవశేషాలు చూపించదు. వాటికి ల్యాబ్ కావాలి. కానీ ఫలానా బోరులో నెలనెలా తేడా వస్తోంది అని చూపించగలిగితే, ల్యాబ్ పరీక్ష చేయించండి అని గట్టిగా అడగడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

కారణం పూర్తిగా రుజువు చేసే భారం మీ నెత్తిన వేసుకోకండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఏమిటని ఎన్నో బృందాలు వచ్చి చూశాయి, అందరూ ఒప్పుకునే ఒక్క కారణం తేలలేదు. అయినా అక్కడి జనం అడిగి అడిగి డయాలసిస్ కేంద్రాలు, వంశధార నీళ్ల పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం సాధించుకున్నారు. ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది. కారణం తేలేదాకా మంచినీళ్లు ఆపకూడదు అన్నది కూడా ఒక విధానమే, దాన్ని అడగాల్సింది మనమే.

నక్కవాగు

మంజీర గారూ, మీ రెండో ప్రశ్న, రూల్స్ రాసే చోటు గురించి. మాది పటాన్‌చెరు. మా దగ్గర జరిగిన ఒక్క విషయం చెప్తే మీకు మొత్తం అర్థమవుతుంది.

ఇక్కడ డాక్టర్ కిషన్‌రావు గారని ఉండేవారు. తన దగ్గరకొచ్చే రోగుల్ని చూసి, ఊళ్ల వాగులు చూసి, కాలుష్యం మీద పోరాటానికి దిగిన మనిషి. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, అది అక్కణ్ణుంచి హైకోర్టుకి, తర్వాత పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, దాదాపు ఒక తరం గడిచిపోయింది. రైతులకి కొంత పరిహారం వచ్చింది, కొన్ని ఊళ్లకి మంచినీళ్లు వచ్చాయి, శుద్ధి చేసిన నీళ్లు అంబర్‌పేటకి తీసుకెళ్లే 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు మా ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందుగా వాడినప్పుడు మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ అది. శుద్ధి అయిపోయాక ఉన్న లెక్క ఇది! అలాంటి నీళ్లలో పెరిగే సూక్ష్మక్రిములకి ఆ మందులు పనిచేయకుండా పోతాయి, ఆ ముప్పు ఒక్క పటాన్‌చెరుకే కాదు. ప్రపంచమంతా మా ఊరి పేరు చదివింది.

అప్పటికి మన చట్టంలో యాంటీబయాటిక్ అవశేషాలకి హద్దు అంటూ ఏమీ లేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది, వందకు పైగా యాంటీబయాటిక్‌లకి ఒక్కోదానికి ఇంత అని పరిమితి పెట్టి. చాలా పెద్ద విషయం. అభ్యంతరాలకి, సలహాలకి 60 రోజులు ఇచ్చారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మొత్తం లేవు. తీసేశారు.

ఆ 60 రోజుల్లో మంజీర గట్టున ఉన్న ఎన్ని మహిళా సంఘాలకి, ఎన్ని రైతు సంఘాలకి, ఎంతమంది ఆశా కార్యకర్తలకి ఆ ముసాయిదా వచ్చిందని తెలుసు? గజెట్ హిందీ, ఇంగ్లీషుల్లో వస్తుంది. పరిశ్రమ వాళ్లకి అది చదవడానికే జీతమిచ్చి పెట్టుకున్న మనుషులుంటారు. మన వైపు అలాంటి వాళ్లు ఒక్కరు కూడా లేరు. నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే. మూడు దశాబ్దాలు కోర్టుల్లో కొట్లాడిన ప్రాంతం, తీరా రూలు రాసే రెండు నెలల్లో మాట్లాడటానికి మనిషి లేకుండా పోయాడు.

పాతఫైళ్లు

నక్కవాగు గారు సరిగ్గా చెప్పారు. పర్యావరణ చట్టం కింద ముసాయిదా వస్తే మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది. చట్టాల బిల్లులైతే 2014లో కేంద్రం పెట్టుకున్న విధానం ప్రకారం కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి, అది చాలాసార్లు పాటించట్లేదు, అది వేరే సంగతి.

భాష గురించి. 2020 మార్చిలో కొత్త ఈఐఏ ముసాయిదా వచ్చింది గుర్తుందా? అందులో మీ ప్రజాభిప్రాయ సేకరణ గడువు 30 నుంచి 20 రోజులకి తగ్గించాలని ఉంది. లాక్‌డౌన్ రోజులు. ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే జూన్ 30న కోర్టు గడువు ఆగస్టు 11 దాకా పొడిగించి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లోకి దాన్ని అనువదించమంది. దేశమంతా లక్షల్లో ఉత్తరాలు, మెయిళ్లు వెళ్లాయి. ఆ ముసాయిదా అలాగే ఆగిపోయింది. అందులోని కొన్ని అంశాలు తర్వాత విడివిడిగా మెమోలుగా, చిన్న సవరణలుగా వచ్చాయి, కాబట్టి ఆ పోరాటం అయిపోయిందని అనను. కానీ స్పందిస్తే ఫలితం ఉంటుంది అనడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

పాలమూరు_జొన్న

ఇక్కడ అందరూ సభలో ఎలా మాట్లాడాలో చెప్తున్నారు. అసలు సభే లేకపోతే? 2021 జూన్‌లో సవరణ తెచ్చి, పెట్రోల్‌లో కలపడానికి మాత్రమే ఇథనాల్ తయారు చేసే ధాన్యం ప్లాంట్లని బీ2 కేటగిరీలో వేశారు, అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. మా దగ్గర చిత్తనూరులో ప్లాంటు వచ్చింది, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం హైవే మీద కూర్చుంటే గానీ పనులు ఆగలేదు. ముందే పిలిచి అడిగి ఉంటే రోడ్డు మీదకి ఎందుకొస్తారు జనం? వాళ్లలో చంటిపిల్లల తల్లులు కూడా ఉన్నారు.

కరోనా టైంలో, 2020 మార్చి 27న, బల్క్ డ్రగ్ యూనిట్లకి కూడా కొంతకాలం ఇలాగే చేశారు. మంజీర గారికి కనీసం సభ దక్కింది, అది మంచిదే. కానీ పాలసీ అంటే నా వరకు మొదటి డిమాండ్ ఇదే, ఊరి పక్కన పెట్టే ప్రతి పెద్ద యూనిట్‌కీ ఊరిని అడగాలి.

పాతఫైళ్లు

నిజం. సభ లేని చోట నేను చెప్పగలిగింది ఇంతే. పీసీబీ ఇచ్చే స్థాపన అనుమతి ఫైలు, పంచాయతీ ఇచ్చిన అనుమతి కాగితం, రెండూ ఆర్టీఐలో తీయండి. మన రెండు రాష్ట్రాల్లో ఊరి స్థాయి ఆఫీసుకి ఆర్టీఐ ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. పర్యావరణ అనుమతి వచ్చిందని తెలిస్తే గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకి 30 రోజులే, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, ఆ తర్వాత తలుపులు మూసేస్తారు. మనది చెన్నై బెంచి. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో నిపుణుల కమిటీ అజెండాలు, మినిట్స్ పెడతారు, సంఘంలో చదువుకున్న పిల్లలెవరికైనా వారానికి ఒకసారి అది చూసే పని అప్పజెప్పండి.

చిట్టా_పద్దులు

చిన్న సొసైటీల లెక్కలు చూస్తుంటాను కాబట్టి, మంజీర గారు అడగని ఒక భయం గురించి నేనే చెప్తా. "మాది సేవా సంస్థ, ప్రభుత్వ విధానాల మీద మాట్లాడితే రిజిస్ట్రేషన్ పోతుందేమో" అని చాలామంది నన్ను అడుగుతారు. పోదు. ఆదాయపు పన్ను చట్టంలో ధర్మకార్యం అంటే ఏమిటో చెప్పే చోట వైద్య సహాయం, పర్యావరణ పరిరక్షణ పేర్లు పెట్టి మరీ ఉన్నాయి. ప్రభుత్వమే సలహాలు పంపండి అని అడిగిన ముసాయిదాకి సలహా పంపడం మీ పనే. మీ బైలాస్‌లో ఆరోగ్యం, నీళ్లు, పర్యావరణం ఉన్నాయో లేదో చూసుకుని, కార్యవర్గ సమావేశంలో తీర్మానం రాసి, ఆ నంబరు వేసి ఉత్తరం పంపండి. పార్టీ జెండాలు, ఎన్నికల ప్రచారం మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

విదేశీ నిధులు తీసుకునేవాళ్లకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, భయం ఇంకా ఎక్కువ. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజల హక్కుల కోసం బంద్, రాస్తారోకో లాంటివాటికి మద్దతిచ్చినంత మాత్రాన అది రాజకీయ సంస్థ అయిపోదని చెప్పింది. కానీ అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడం పూర్తిగా ఆగిపోయింది. పెద్ద ఎన్జీవోల నుంచి ఊళ్లలోని చిన్న సంఘాలకి వచ్చే కాస్త ఆసరా దాంతో పోయింది.

డల్లాస్_నుంచి

మాది జహీరాబాద్ దగ్గర, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నాం. మంజీర గారూ, మా తెలుగువాళ్లం కొందరం కలిసి ల్యాబ్ పరీక్షల ఖర్చు పంపుదాం అనుకుంటున్నాం. పంపొచ్చా?

చిట్టా_పద్దులు

ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. అందరి డబ్బూ కలిపి ఒకరి ఖాతా నుంచి పంపే ఆలోచన అస్సలు వద్దు, ఇరుక్కునేది ఊళ్లో ఉన్న ఆడవాళ్లు. ఇక్కడ డబ్బు కన్నా ముందు కావాల్సింది వేరే ఉంది. వందల పేజీల ఇంగ్లీషు రిపోర్టు చదివి, అందులో ఏముందో తెలుగులో చెప్పే మనిషి.

డల్లాస్_నుంచి

అది మేం చేస్తాం. మాలో ఒకరు నీటి శుద్ధి ఇంజనీరు, ఒకరు పబ్లిక్ హెల్త్ చదివారు. రిపోర్టు పీడీఎఫ్ పంపండి.

షిఫ్ట్_బి

నేను బల్క్ డ్రగ్ ప్లాంటులో పనిచేస్తాను, ఏ ప్లాంటో చెప్పను. ఇక్కడ మా వైపు మాట ఎవరూ రాయలేదు. ఊళ్లో ఉద్యోగాలొస్తాయి అనేవాళ్లని కంపెనీ మనుషులని కొట్టిపారేయకండి. మా ఇంట్లో పిల్లల ఫీజులు ఈ జీతం మీదే నడుస్తున్నాయి. కానీ రియాక్టర్ దగ్గర నిలబడి ఆ వాసన ముందు పీల్చేది కూడా మేమే. మీ సభలో ఒక్కరైనా మా గురించి అడిగితే బాగుండు. ప్రమాదకర పని చేసేవాళ్లకి చట్టం ప్రకారం వైద్య పరీక్షలు జరగాలి, కాంట్రాక్టు వాళ్లకి జరుగుతున్నాయా అని అడగండి. ఆ ప్రశ్న మేం అడిగితే మర్నాడు గేటు లోపలికి రానివ్వరు. మీరు అడగొచ్చు.

వద్దు, కావాలి, ఈ రెండింటి మధ్యలో చాలా ఉంది. విస్తరణకి అనుమతి ఇస్తే ఏ షరతులతో ఇవ్వాలి అన్నది కూడా రాసివ్వండి. వ్యర్థ జలాల మీటర్ల రీడింగు ఆన్‌లైన్‌లో పీసీబీకి వెళ్తుంది, అది పంచాయతీ ఆఫీసు ముందు బోర్డు మీద కూడా కనిపించాలని అడగండి. ఆరు నెలలకోసారి కంపెనీ ఇచ్చే షరతుల అమలు రిపోర్టు తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలని అడగండి. ప్రమాదం జరిగితే ఏ సైరన్ మోగుతుంది, ఎటు పరిగెత్తాలి, ఏ గ్యాసుకి ఏ విరుగుడు, ఊళ్లో ఒక్కరికైనా తెలుసా? 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు వెంకటాపురం జనం నిద్రలో లేచి ఎటు వెళ్లాలో తెలీక పరిగెత్తారు. 12 మంది పోయారు. ఆ ప్లాంటుకి పర్యావరణ అనుమతి లేదని అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీయే ప్రభుత్వ అధికారులకి రాసిచ్చిన అఫిడవిట్‌లో ఉంది. ఆ కాగితం ఊరికి చేరి ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

నల్గొండ_నీళ్లు

షిఫ్ట్ బి అన్న రాసింది చదివాక నాకూ రాయాలనిపించింది. మా జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి 1940ల నుంచి రికార్డుల్లో ఉంది. వంకర్లు తిరిగిన ఎముకలతో మనుషులు ఉన్నారని సర్కారుకి తెలుసు, తెలిసి కూడా దశాబ్దాలు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో నల్గొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ పుస్తకం అంత అయ్యింది, ఎన్నిక వాయిదా పడింది. దేశం మొత్తం నల్గొండ నీళ్ల గురించి మాట్లాడింది. ఆ తర్వాత పార్లమెంటు చేసిన మార్పు ఏమిటంటే అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచడం. నీళ్లు రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. అయినా ఆ 480 మంది నిలబడకపోతే మా గోడు ఢిల్లీకి వినిపించేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అరకు_దారి

ఒక్క మాట. చిన్న సంఘం వల్ల ఏమవుతుంది అనుకునేవాళ్లకి. సమత అని విశాఖ ఏజెన్సీలో పనిచేసే సంస్థ గిరిజన భూముల్ని మైనింగ్ కంపెనీలకి లీజుకివ్వడం మీద కోర్టుకి వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జూలైలో సుప్రీంకోర్టులో గెలిచింది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుల కిందకే వస్తుంది, లీజులివ్వడానికి వీల్లేదు అని తీర్పు. దేశంలో ఏ గిరిజన ప్రాంతంలో గనుల గొడవ వచ్చినా సమత తీర్పు అని ఇప్పటికీ చదువుతారు. గనులున్న జిల్లాల వాళ్లు ఇంకోటి చూసుకోండి, 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది, తాగునీళ్లకి, ఆరోగ్యానికి, కాలుష్య నివారణకి ముందు ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో అడిగే సంఘాలు చాలా తక్కువ.

మంజీర_పక్కూరు

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి సంఘం మీటింగ్‌లో ఇవన్నీ చదివి వినిపించాను. షిఫ్ట్ బి అన్న రాసింది చదివాక, ఉద్యోగాలు కావాలి అన్న మా వాళ్లు కూడా సభకి వస్తామన్నారు. షరతుల జాబితాలో కార్మికుల వైద్య పరీక్షలు మొదటి వరసలోనే రాశాం.

ఇప్పటిదాకా అనుకున్నవి. సర్పంచ్ గారిని అడిగి గ్రామసభ పెట్టిస్తున్నాం, పక్క ఊళ్ల సంఘాలకి కూడా కబురు పెట్టాం. ఫీల్డ్ కిట్ శిక్షణ మా మండలంలో ఎవరికిచ్చారో కనుక్కుంటున్నాం. పీహెచ్‌సీకి ఆర్టీఐ రాశాం, పేర్లు లేకుండా సంఖ్యలే. ఒక ఇబ్బంది వచ్చింది. తెలుగు సారాంశం కోసం పంచాయతీ ఆఫీసుకి పోతే మాకు ఇంకా రాలేదన్నారు. ఇంగ్లీషు రిపోర్టు మాత్రం పోర్టల్‌లో దొరికింది, డల్లాస్ గారికి పంపాను.

పాతఫైళ్లు

ఆలస్యం చేయకండి, ఇవాళే రాయండి. "ఫలానా తేదీన పంచాయతీ కార్యాలయానికి వెళ్లాం, తెలుగు సారాంశం అందుబాటులో లేదు, నోటిఫికేషన్ ప్రకారం ఉండాలి, అందించిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టి సభ తేదీ మార్చండి" అని కలెక్టర్ గారికి, పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి, పీసీబీ మెంబర్ సెక్రటరీకి స్పీడ్ పోస్టులో పంపండి. వెళ్లినవాళ్లు అందరూ సంతకం పెట్టండి. పంచాయతీ కార్యదర్శి గారితో "రాలేదు" అని రాయించుకోగలిగితే ఇంకా మంచిది, పాపం ఆయన మీద కోపం వద్దు, పంపాల్సింది పైవాళ్లు. రేపు ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వస్తే ఈ ఒక్క ఉత్తరమే మీకు పనికొస్తుంది.

డల్లాస్_నుంచి

రిపోర్టు అందింది. మూడో అధ్యాయం, అంటే ఇప్పుడున్న నీళ్లు, గాలి, నేల పరిస్థితి, నేను చదువుతున్నాను. నాలుగోది, ప్రభావాలు, మా ఫ్రెండ్ చూస్తున్నారు. ప్రమాదాల అంచనా ఏడో అధ్యాయంలో ఉంది, అది చూసేవాళ్లు ఇంకా కావాలి. ఇప్పటికే ఒక విషయం కనిపించింది. నీటి నమూనాలు తీసిన చోట్ల పట్టికలో మీ ఊరి పేరు లేదు, ఎగువన ఉన్న ఊళ్లే ఉన్నాయి. వాగు దిగువన ఏ ఊళ్లున్నాయో, ఎవరి బోర్లు ఎక్కడున్నాయో చేత్తో గీసిన మ్యాప్ అయినా సరే ఫొటో తీసి పెట్టండి, ప్రశ్న తయారు చేసి తెలుగులో రాసిస్తాను.

షిఫ్ట్_బి

ఏడో అధ్యాయం నాకు పంపండి, రాత్రి డ్యూటీ అయ్యాక చదువుతా.